ఎటక్స్ గారి వాటా

మంగళవారం పొద్దున నేను చేతిసంచి బల్ల మీద పెట్టకముందే లవెల్ స్టోక్స్ మా ఆఫీసు తలుపు తోసుకుని లోపలికొచ్చి, "మిస్టర్ ఎటక్స్ దొరికాడు మిస్ బెర్నీస్" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. తప్పిపోయిన బిడ్డను వెతికి తెచ్చినవాడిలా నిలబడ్డాడు.

నేను మెంఫిస్‌లో ఇరవై ఆరేళ్లుగా లింకు దస్తావేజులు చదివి పొట్ట పోసుకుంటున్నాను. ఇల్లు నిజంగా ఎవరిదో, మధ్యలో ఏ అప్పు ఇరుక్కుందో, ఎవరి సంతకం తప్పిపోయిందో తేల్చి చెప్పడం మా టైటిల్ ఆఫీసు పని. అన్నీ తేలాక అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి సంతకాలు పెట్టిస్తాం. చదివిన ప్రతి పాత కాగితంలోనూ ఎవరో ఒకరు తొందరపడి ఉంటారు. వాళ్ల తొందరకి యాభై ఏళ్ల తర్వాత తిట్లు తినేది నేను. అందుకే నాకు నోటి దురుసు కాస్త ఎక్కువని ఆఫీసులో చెప్పుకుంటారు. నిజమే, నేనేమీ కాదనను.

లవెల్ నిన్నమొన్నటిదాకా గోదాముల్లో సరుకులెత్తే బండి నడిపాడు. ఆర్నెల్ల క్రితం ఎవరో చెబితే విని హోల్‌సేలు ఇళ్ల వ్యాపారంలోకి దిగాడు. అంటే ఇల్లు కొనడు. "మీ ఇల్లు కొంటాం" అని కరెంటు స్తంభాలకి అట్టముక్కలు కట్టి, ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లతో కొనుగోలు అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఆ అగ్రిమెంటును ఇంకో పెట్టుబడిదారుకి కొంత లాభం వేసుకుని బదలాయిస్తాడు. చివరికి రిజిస్టరయ్యే దస్తావేజులో అతని పేరు ఎక్కడా ఉండదు. ఇలాంటివాళ్లలో సగంమంది గాలిమాటలవాళ్లు. లవెల్ మాత్రం మంచివాడు, కాకపోతే చదవాల్సినవి చదవడు. ఇది అతని మొదటి ఇల్లు.

"ఎవరు నాయనా ఈ ఎటక్స్?" అన్నాను.

"అదేనండీ, డెల్‌వుడ్ వీధిలో ఇల్లు. మీరు పన్నుల జాబితా చూడమన్నారు గదా. చూశాను. 'టార్వర్ క్లియోఫస్ ఎటక్స్' అని ఉంది. టార్వర్ గారు పోయారు, ఆయన భార్యతో అగ్రిమెంటు అయిపోయింది. మరి ఈ ఎటక్స్ ఎవరా అని వారం రోజులు తిరిగాను. వీధి వీధంతా అడిగాను. ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఎటక్స్ కుటుంబం వాళ్లెవరైనా ఉంటే దయచేసి ఫోన్ చేయండి అని."

"చేశారా?"

"లూయిజియానా నుంచి ఒకాయన చేశాడు. ఆయన పేరు ఎటూ. చివర అక్షరం కొంచెం తేడా, పాతకాలం వాళ్లు తప్పు రాసుంటారన్నాడు. తన సగం వాటా అమ్మడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదుట. చాలా మర్యాదస్తుడు."

నేను కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాను. లవెల్ కూడా కాసేపు మర్యాదకి నవ్వాడు. తర్వాత ఎందుకు నవ్వుతున్నామని అడిగాడు.

"ఎటక్స్ అనేది మనిషి పేరు కాదయ్యా. అది రెండు మాటలు. ఎట్, ఉక్స్. లాటిన్. 'మరియు ఆయన భార్య' అని అర్థం. వెనకటి ప్లీడర్లు భార్య పేరు రాయడానికి బద్ధకించి అలా రాసిపారేసేవాళ్లు."

"పేరే రాయరా?"

"మొగుడి పేరు రాశాం గదా, చాల్లే అనుకునేవాళ్లు."

లవెల్ కాసేపు ఆలోచించాడు. "మరి ఆ ఎటూ గారికి ఏం చెప్పను?"

"పెళ్లయిందేమో అడుగు" అన్నాను.

మధ్యాహ్నం ఆర్డీలియా టార్వర్ గారు వచ్చారు. డెబ్బై రెండేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ సహకరించవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండేళ్ల క్రితం భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. గుమ్మానికి తొమ్మిది మెట్లు. చర్చివాళ్లు పెద్దవాళ్ల కోసం కట్టించిన భవనంలో, కింది అంతస్తులో, ఒక్క మెట్టు కూడా లేని ఫ్లాటు ఆవిడ కోసం ఆపి ఉంచారు. శుక్రవారం సాయంత్రం లోపల ఇల్లు అమ్మిన డబ్బు చూపిస్తే ఫ్లాటు ఆవిడది. లేకపోతే జాబితాలో తర్వాతి మనిషిది. ఆ జాబితా ఎంత పొడుగుందో చెప్పడానికి ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది.

ఎటక్స్ సంగతి చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది.

"మరియు ఆయన భార్య. అంటే నేనేగా తల్లీ. చూడు, బతికినన్నాళ్లూ 'ఇల్లు నాది, ఇల్లు నాది' అనేవాడు. కాగితంలో నన్నూ రాయించే ఉన్నాడన్నమాట. నాతో ఒక్క ముక్క అనలేదు." పర్సులోంచి రుమాలు తీసి కళ్లొత్తుకుంది. "అలాంటి మనిషే ఆయన. మంచి పని చేసి దాచుకునేవాడు."

అప్పటికి నేను దస్తావేజు పూర్తిగా చదవలేదు. ఆవిడ ముందే తెరిచి తారీఖు చూశాను. మే నెల, 1971.

"సిస్టర్ టార్వర్, మీ పెళ్లి ఎప్పుడైంది?" అన్నాను, చర్చివాళ్లు పిలుచుకునే పద్ధతిలో.

"ఎనభై ఒకటి. ఈస్టర్ తర్వాతి శనివారం."

ఆవిడ తెలివితక్కువ మనిషేం కాదు. రుమాలు మడిచింది, మళ్లీ మడిచింది, పర్సులో పెట్టి మూత టప్పున వేసింది.

"ఆవిడా" అంది.

క్లియోఫస్ టార్వర్‌కి అంతకుముందొక పెళ్లయింది. ఆ మొదటావిడ పేరు ఆర్డీలియా గారి ఇంట్లో నలభై ఏళ్లుగా ఎవరూ పలకరు. పలికినవాళ్లకి ఆవిడ కాల్చే తీపి పీచ్ కాబ్లర్ పెట్టరు. ఇప్పుడు ఆ పేరు చెప్పక తప్పలేదు. విల్మా జీన్. కోర్టు రికార్డులు తీశాను. విడాకులు 1977లో. తీర్పులో కుండలూ కుర్చీలూ ఎవరికి పోవాలో అన్నీ ఉన్నాయి, ఇంటి ప్రసక్తి మాత్రం లేదు. ఇంటి గురించి తీర్పు ఏమీ చెప్పకపోతే, భార్యాభర్తలు కలిసి కొన్న ఇల్లు చెరి సగం అవుతుంది. క్లియోఫస్ సగం వీలునామా ప్రకారం ఆర్డీలియాకి వచ్చింది. మిగతా సగం నలభై ఏడేళ్లుగా ఎటక్స్ గారి పేరు మీదే ఉంది.

మా ఆఫీసు లాయరు ఫోన్లోనే తేల్చేశాడు. ఆర్డీలియా గారు కోర్టుకెళ్లి ఇన్నేళ్లు నేనే అనుభవించానని వాదించొచ్చు, గెలవనూ వచ్చు. కాకపోతే ఏడాది పడుతుంది. లేదా విల్మా జీన్ సంతకం తెచ్చుకోవాలి.

"ఎక్కడుంటుందో మీకేమైనా తెలుసా?" అని ఆర్డీలియా గారిని అడిగాను.

"నాకేం తెలుసు" అంది. ఒక్క క్షణం ఆగి, "వైట్‌హేవెన్‌లో. ఆకుపచ్చ తలుపు. చర్చి పాటల బృందంలో కింది స్వరం పాడుతుంది. ఆమధ్య కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంటిపేరు ప్రూయిట్ అని పెట్టుకుంది, పుట్టింటివాళ్లది. అంతకుమించి నాకేం తెలీదు" అంది.

ఆవిడని పంపించి బయటికొచ్చాక లవెల్ నా వెంటపడ్డాడు. "హక్కు విడుదల పత్రం ఒకటి రాసివ్వండి మిస్ బెర్నీస్. నేను కేకు పట్టుకెళ్తా. పాత రికార్డుల్లో చిన్న దిద్దుబాటు ఆంటీ, ఇక్కడో సంతకం అంటా. ఐదు నిమిషాల పని."

"ఆవిడకి సగం ఇల్లుందని చెప్తావా?"

"అడిగితే చెప్తా."

"తనకి ఉందనే తెలియనప్పుడు ఎలా అడుగుతుందయ్యా? అలాంటి సంతకం నా బల్ల మీదకి రాదు. ముందు ఆవిడకి చెప్పాలి. పూర్తిగా, అర్థమయ్యేలా. తర్వాత ఆవిడిష్టం."

"చెప్తే పెట్టదు."

"పెట్టకపోతే పెట్టదు."

అన్నానే గాని, ఆ తొమ్మిది మెట్లు నా కళ్ల ముందే ఉన్నాయి. ఆర్డీలియా గారంటే నాకు ఇష్టం. ఆవిడ ఆ ఫ్లాటులోకి చేరాలని లవెల్ కన్నా నాకే ఎక్కువగా ఉంది. కానీ ఇంకో ఆడమనిషికి తెలియకుండా ఆవిడది లాగి ఇవ్వడం నా చేత కాదు.

గురువారం మేమిద్దరం వైట్‌హేవెన్ వెళ్లాం. ఆకుపచ్చ తలుపు ముందు, నీడలో, విల్మా జీన్ ప్రూయిట్ ఒళ్లో గిన్నె పెట్టుకుని ఊదా తొక్కల అలసందలు ఒలుస్తోంది. సన్నటి మనిషి, నిటారుగా కూర్చుంది. లవెల్ కేకు చూసి, "ఎవరైనా పోయారా?" అంది. మా దగ్గర చెప్పాపెట్టకుండా తినేవి పట్టుకెళ్లేది చావింటికే.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు, తారీఖు, విడాకుల తీర్పు. ఆవిడ వేళ్లు ఆగలేదు. కాయ విరగ్గొట్టడం, గింజలు దొర్లించడం, తొక్క బుట్టలో వేయడం. ఎటక్స్ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి.

"మళ్లీ చెప్పు."

"మరియు ఆయన భార్య. అంటే మీరు. ఆ ఇంట్లో సగం మీది. అప్పటినుంచీ మీదే."

"నా పేరు లేదుగా అందులో."

"లేదు. అయినా మీరే."

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. "ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేదాన్ని. బయానా కట్టింది నా జీతంలోంచి. ఆ రోజు ప్లీడరు ఆఫీసుకి పని నుంచి అట్నించటే వెళ్లాను, చేతులు బట్టల సోడాతో పగిలిపోయున్నాయి. ఆయన క్లియోఫస్‌ని మూడు సార్లు అడిగాడు, పేరు ఎలా రాస్తావయ్యా, అక్షరాలు చెప్పు అని. నన్ను చూసి నవ్వాడు. అంతే. విడాకులప్పుడు ఇంకో ప్లీడరు దగ్గరికెళ్లాను. ఆయన కాగితం తిరగేసి, నీ పేరెక్కడా లేదమ్మా అన్నాడు. నేనూ చూశాను. నిజమే, లేదు. కుట్టుమిషను తీసుకుని బయటికొచ్చేశాను."

లవెల్ కేకు డబ్బా అటూ ఇటూ తిప్పుతున్నాడు. నాకు ఆ రెండో ప్లీడరు మీద మండుకొచ్చింది. ఒక్క మాటకి అర్థం చూసుకోడానికి ఆయనకి ఎంతసేపు పట్టేది?

"ఆర్డీలియా గారికి రేపు సాయంత్రం లోపల డబ్బు కావాలి" అని నేను ఆవిడ ఫ్లాటు సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"ఎలా ఉంది ఆవిడ?"

"మోకాళ్ల నొప్పులు."

విల్మా జీన్ కొంచెం తృప్తిగానే తలూపింది. "రేపు వస్తాను. వస్తానన్నాను, సంతకం పెడతానని అనలేదు. కేకు ఇక్కడ పెట్టి వెళ్లు అబ్బాయ్."

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆర్డీలియా గారు ఊదారంగు టోపీ పెట్టుకొచ్చింది, ఈస్టర్‌కి పెట్టుకునేది. రెండూ పదికి విల్మా జీన్ ఇంకా పెద్ద టోపీతో వచ్చింది. ఒకరి టోపీ ఒకరు చూసుకున్నారు. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో నేను, కాగితాలు. లవెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఇల్లు కొనే పెట్టుబడిదారు డబ్బు పొద్దునే మా ఆఫీసుకి పంపేశాడు.

"ఆ పాత కాగితం చూపించు" అంది విల్మా జీన్.

1971 దస్తావేజు ఆవిడ ముందు పెట్టి, ఎటక్స్ మీద వేలు పెట్టాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

"ఇదా నేను."

"అదే."

"మంగళవారం అది నేనే అనుకున్నాను" అంది ఆర్డీలియా గారు బల్ల ఆ చివర నుంచి. గొంతులో ఎకసెక్కం లేదు. "ఏడ్చాను కూడా. నన్ను రాయించాడనుకుని."

విల్మా జీన్ ఇప్పుడు మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. "ఇంటి గురించి నీకేం చెప్పాడు?"

"ఇల్లు నాది అన్నాడు."

"నాకూ అదే చెప్పాడు."

"గట్టిగా చెప్పాడా?"

"తలుపు వేసి మరీ."

ఆర్డీలియా గారి భుజాలు కదిలాయి. టోపీ అంచు కింద నుంచి నవ్వు బయటపడింది. విల్మా జీన్ నవ్వలేదు గాని, కుర్చీ వెనక్కి ఆనుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ నిటారుగానే కూర్చుంది, ఇప్పుడే ఆనుకుంది.

"నేను ఊరికే సంతకం పెట్టను" అంది. "రాత్రంతా ఆలోచించాను. మనసు పెద్దది చేసుకుని వదిలేద్దామా అనుకున్నాను. మా చర్చిలో వింటే మెచ్చుకుంటారు. కానీ బయానా నాది. నా చేతులు పగిలాయి. నాకు సగం కావాలి."

లవెల్ గోడ దగ్గర నుంచి నా వంక చూశాడు. నేను ఆర్డీలియా గారి వంక చూశాను. సగం పోయినా ఆవిడకి ఫ్లాటులో చేరడానికి సరిపోతుంది, అది నేను పొద్దునే లెక్క వేసి చూశాను. కానీ ఆ ఇంటిని నలభై మూడేళ్లు ఊడ్చింది ఆవిడ, పై కప్పు వేయించింది ఆవిడ, మొగుణ్ని అందులోంచే సాగనంపింది. కాదు, కోర్టులో తేల్చుకుందాం అనే హక్కు కూడా ఆవిడకుంది. ఆ సంగతి లాయరు చేత నేనే చెప్పించాను.

ఆర్డీలియా గారు టోపీ సరిచేసుకుంది. గోడగడియారం చూసింది. తర్వాత చేతి వేలికున్న ఉంగరం చూసుకుంది.

"నలభై మూడేళ్లు నేను ఆవిడింట్లో ఉన్నాను" అంది, మాలో ఎవరితోనూ కాదన్నట్టు. "ఆవిడ పేరు ఎవరైనా ఎత్తితే నేను గదిలోంచి లేచిపోయేదాన్ని. ఆవిడ గదిలోంచే."

"నాకు తెలీదు, నీకూ తెలీదు" అంది విల్మా జీన్.

"వాడికి తెలుసు."

విల్మా జీన్ పాత దస్తావేజుని నా వైపు తోసింది.

"సగం ఆవిడకి వేసెయ్ తల్లీ" అంది ఆర్డీలియా గారు నాతో. "సోఫా పాతదే పట్టుకెళ్తాను."

నేను ఊపిరి పీల్చుకుని కొత్త దస్తావేజు వాళ్ల మధ్యకి జరిపాను. విల్మా జీన్ వదులుకుంటే ఒకటి, సగం అడిగితే ఒకటి, రెండు రకాలుగానూ ముందే తయారుచేసి ఉంచాను, ఇరవై ఆరేళ్ల అలవాటు. అమ్మేవాళ్ల పేర్లు పైన ఉన్నాయి. ఆర్డీలియా టార్వర్, విల్మా జీన్ ప్రూయిట్. సంతకాల గీతలు కింద. పెన్ను ఆర్డీలియా గారికి అందించాను. ఆవిడ తీసుకుంది, కాగితం చదివింది, పెన్ను కింద పెట్టేసింది.

లవెల్ మూలిగాడు.

"ఇది మళ్లీ కొట్టించు" అంది ఆర్డీలియా గారు.

"ఎందుకండీ? ఏమైనా తప్పుందా?"

"ఆవిడ పేరు ముందు రావాలి."

"క్రమం వల్ల చట్టప్రకారం తేడా ఏమీ రాదు సిస్టర్ టార్వర్."

"చట్టం గురించి నేనేమీ అనలేదు. ఆవిడది ముందు. తర్వాత నాది."

మూడున్నర దాటింది. మా ప్రింటరు ఏడిపించింది, రెండోసారికి పలికింది. వెచ్చగా ఉన్న కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆర్డీలియా గారు చేత్తో సర్ది, మొత్తం కట్టను విల్మా జీన్ ముందుకి తోసింది.

విల్మా జీన్ మొదటి వరుస చదివింది. పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది.

"పేరంతా రాయాలా?"

"అంతా" అన్నాను.

ఆవిడ ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ రాసింది. మేం ముగ్గురం కదలకుండా చూస్తూ ఉన్నాం, ఎవరూ తొందర పెట్టలేదు.